పుండు లేని రోజుల్లో హెర్పీస్

"డాక్టరుగారూ, ఇది నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చిందా?"

చర్మ, సుఖవ్యాధుల విభాగంలో పనిచేసే ఏ డాక్టరునడిగినా ఈ ప్రశ్న తమకు కొత్త కాదనే చెబుతారు. పెళ్లయి పదేళ్లు దాటిన దంపతుల్లో ఒకరికి ఉన్నట్టుండి జననాంగం దగ్గర నీటిపొక్కులు లేస్తాయి. అవి చితికి, మంటపుట్టే పుండ్లవుతాయి. డాక్టరు చూసి హెర్పీస్ అంటారు. ఇక అక్కడి నుంచి మందేమిటి, ఎన్నాళ్లలో తగ్గుతుంది అన్న మాటలు వెనక్కి పోతాయి. ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్నదే మిగులుతుంది. ఇంటికెళ్లాక అది నిలదీత అవుతుంది, కొన్ని ఇళ్లలో పుట్టింటి దాకా, పెద్దమనుషుల దాకా పోతుంది.

గత నలభై ఏళ్లుగా ఈ వైరస్ మీద జరిగిన పని అంతా చదివితే ఆ ప్రశ్నకు దొరికే నిజాయితీ గల జవాబు ఒకటే: చాలా సందర్భాల్లో అది చెప్పడం సాధ్యం కాదు. ఇవాళ కనబడిన పొక్కు ఇవాళ్టిది కానక్కర్లేదు. ఇచ్చినవారికి తాము ఇస్తున్నట్టు తెలియదు, తీసుకున్నవారికి తీసుకున్నట్టు తెలియదు. మినహాయింపుగా కొందరికి మాత్రమే జరిగేది కాదిది. ఈ జబ్బు వ్యాపించే మామూలు పద్ధతే ఇది. దీన్ని వివరంగా చెప్పుకోవడం ఎందుకు అవసరమంటే, పుండు కనబడితేనే ప్రమాదం, లేకపోతే లేదు అన్న నమ్మకం మీద ఇప్పటికీ ఎన్నో కాపురాలు నడుస్తున్నాయి, కొన్ని విరుగుతున్నాయి కూడా.

ముందు రెండు వైరస్‌లను వేరుచేసి చూద్దాం. హెర్పీస్ సింప్లెక్స్ మొదటి రకం, హెచ్‌ఎస్‌వి-1, ఎక్కువగా నోటిది. జ్వరమొచ్చి మూతి పేలిందని మన ఇళ్లలో అనుకునేది చాలావరకు దీని పనే. రెండో రకం, హెచ్‌ఎస్‌వి-2, దాదాపుగా లైంగిక సంబంధం వల్లనే సోకుతుంది, నడుము కింది భాగాన్ని ఆశ్రయిస్తుంది. నడుము చుట్టూ పట్టీలా లేచే అక్కి వీటికి వేరు. అది చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ మళ్లీ లేవడం వల్ల వచ్చేది, లైంగికంగా సోకేది కాదు. డాక్టరు చీటీ మీద హెర్పీస్ జోస్టర్ అని చూసి భార్యాభర్తలు బెంబేలెత్తిపోవాల్సిన పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్యవారిలో దాదాపు 52 కోట్ల మందికి హెచ్‌ఎస్‌వి-2 ఉంది. 50 ఏళ్లలోపువారిలో 380 కోట్ల మందికి హెచ్‌ఎస్‌వి-1 ఉంది. ఇంతమందిలో తమకు ఉందని తెలిసినవారు కొద్దిమందే. అమెరికాలో 14 నుంచి 49 ఏళ్లవారిలో రక్తపరీక్షలో హెచ్‌ఎస్‌వి-2 తేలినవారిని అడిగితే, 87 శాతం మంది తమకు హెర్పీస్ ఉందని ఏ డాక్టరూ ఎన్నడూ చెప్పలేదన్నారు.

1980ల దాకా వైద్యులు రోగులకిచ్చిన సలహా సూటిగా ఉండేది: పొక్కులున్నన్నాళ్లు దూరంగా ఉండండి, మానాక ఫరవాలేదు. అందులో మొదటి సగం ఇప్పటికీ నిజమే. పుండు ఉన్నప్పుడు వైరస్ విపరీతంగా ఉంటుంది, అప్పుడు కలయిక మానుకోవాల్సిందే. రెండో సగం మీదే అనుమానాలు మొదలయ్యాయి. 1986లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన స్టీఫెన్ స్ట్రాస్ బృందం, ఏ లక్షణమూ లేని భాగస్వామి నుంచి హెర్పీస్ సోకిన ఉదంతాన్ని ప్రచురించింది. ఒక్క ఉదంతమే కాబట్టి దాన్ని అరుదైన వింతగా కొట్టిపారేయవచ్చు. అలా కొట్టిపారేయడానికి వీల్లేకుండా చేసింది 1992లో గ్రెగరీ మెర్ట్జ్, ఆయన సహచరులు వెలువరించిన అధ్యయనం.

వాళ్లు 144 జంటలను తీసుకున్నారు. ప్రతి జంటలోనూ ఒకరికి హెర్పీస్ ఉంది, రెండోవారికి లేదు. ఇద్దరికీ సంగతి తెలుసు. పొక్కులున్నప్పుడు కలవకూడదని చెప్పారు. రోజువారీ డైరీ రాయమన్నారు: ఇవాళ పుండు ఉందా, దురద ఉందా, కలిశారా. సుమారు పదకొండు నెలల్లో 14 జంటల్లో రెండోవారికి సోకింది. డైరీలు సరిగా ఉన్న 13 జంటల లెక్క చూస్తే, తొమ్మిదింటిలో ఆ కలయిక జరిగిన రోజుల్లో ఇచ్చినవారికి ఏ లక్షణమూ లేదు. మిగతా నాలుగింటిలో కూడా పొక్కు అప్పుడే మొదలవబోతున్న దశో, అప్పుడే కనబడిన దశో. అంటే జాగ్రత్తగా ఉండేవారికి, సంగతి తెలిసినవారికి, డైరీ రాసుకునేంత శ్రద్ధ ఉన్నవారికి కూడా సోకింది. ఇంకో సంగతి కూడా అక్కడే తేలింది. మగవారి నుంచి ఆడవారికి సోకడం దాదాపు 17 శాతం జంటల్లో జరిగితే, ఆడవారి నుంచి మగవారికి సోకింది 4 శాతంలోపే. స్త్రీ శరీర నిర్మాణంలో సున్నితపు పొర ఎక్కువ మేర వైరస్‌కు ఎదురుగా ఉండటమే ఇందుకు ప్రధాన కారణంగా చెబుతారు. అధ్యయనం చిన్నదే, 14 మంది మీద పెద్ద సిద్ధాంతం కట్టలేం. కానీ తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలేవీ దీన్ని కాదనలేదు.

మరి పుండు లేని రోజున వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు వెదికింది సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ కోరీ, అన్నా వాల్డ్ నడిపిన బృందం. వాళ్ల పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది, అందుకే నాకు గొప్పగా అనిపిస్తుంది. హెర్పీస్ ఉన్నవారికి చిన్న చిన్న స్వాబ్‌లు, ద్రవం ఉన్న గొట్టాలు ఇచ్చి ఇంటికి పంపేవారు. రోజూ ఇంట్లోనే, బాగున్నా బాగులేకపోయినా, పొక్కు ఉన్నా లేకపోయినా, తమ జననాంగం చుట్టూ ఆ స్వాబ్ తామే రాసుకుని, గొట్టంలో వేసి, తేదీ వేసి ఉంచాలి. పక్కన డైరీలో ఆ రోజు తమకేమనిపించిందో రాయాలి. వారాల తరబడి, నెలల తరబడి ఇదే పని. ఎవరికీ చెప్పుకోలేని జబ్బున్న వందల మంది సామాన్యులు అంత ఓపిగ్గా ఈ పని చేయబట్టే ఇవాళ మనకు తెలిసినదంతా తెలిసింది. తొలినాళ్లలో ఆ నమూనాలను కణాల మీద పెంచి వైరస్ ఉందో లేదో చూసేవారు. తర్వాత వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష వచ్చాక, పెంచితే దొరకని కొద్దిపాటి వైరస్ కూడా పట్టుబడింది.

2011లో అదే బృందం 498 మంది నమూనాల లెక్క ఒకచోట చేర్చి ప్రచురించింది. హెచ్‌ఎస్‌వి-2 వల్ల ఎప్పుడో ఒకప్పుడు పొక్కులొచ్చినవారిలో నూటికి 20 రోజులు వైరస్ దొరికింది. రక్తపరీక్షలో తప్ప జీవితంలో ఎన్నడూ ఏ లక్షణమూ ఎరగనివారిలో కూడా నూటికి 10 రోజులు దొరికింది. పుండు లేని రోజులనే విడిగా తీసి చూస్తే రెండు గుంపుల మధ్య తేడా ఇంకా తగ్గింది: ఒకరిలో 13 శాతం, రెండోవారిలో 9 శాతం. దొరికిన రోజున ఉన్న వైరస్ మోతాదు ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకటే. ఈ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. నాకెప్పుడూ రాలేదు కాబట్టి నా దగ్గర లేదు అని అనుకునే మనిషి, తరచూ బాధపడే మనిషి, మామూలు రోజున పక్కవారికి ఇచ్చే విషయంలో పెద్ద తేడా లేనివారన్నమాట. బాధపడే మనిషికి కనీసం సంగతి తెలుసు.

ఇంకా దగ్గరగా చూద్దామని 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో రోజుకు ఒకసారి కాకుండా ఆరు గంటలకోసారి స్వాబ్ తీయించారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. జననాంగం దగ్గర వైరస్ లేచిన సందర్భాల్లో దాదాపు సగం పన్నెండు గంటలు తిరగకుండానే సద్దుమణిగిపోయాయి. పొద్దున లేదు, మధ్యాహ్నం ఉంది, రాత్రికి మళ్లీ లేదు. అంత తక్కువసేపు లేచి పడిపోయిన వాటిలో పుండు కనబడినవి చాలా కొద్ది.

దీని వెనక ఉన్న యంత్రాంగం ఇలా ఉంటుంది. మొదటిసారి సోకినప్పుడు వైరస్ చర్మం పొరల్లో పెరిగి, అక్కడి నాడుల కొనల్లోకి దూరి, వాటి వెంటే పైకి ప్రయాణించి, వెన్నెముక అడుగున త్రికాస్థి దగ్గరున్న నాడీకణాల ముడుల్లో స్థిరపడుతుంది. నోటి హెర్పీస్ అయితే చెంప వెనకాల పుర్రె అడుగున ఉన్న ముడిలో. నాడుల వెంట ఈ ప్రయాణాన్ని 1920ల్లోనే ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గుర్తించాడు. నాడీకణం లోపల ఉన్నంతసేపు మందులకూ రోగనిరోధక శక్తికీ అది చిక్కదు. దీన్ని నివురుగప్పిన నిప్పుతో పోలుస్తుంటారు, కానీ ఆ పోలిక సగమే సరిపోతుంది. నివురు కింద నిప్పు కదలక మెదలక ఉంటుంది. ఈ వైరస్ మాత్రం ఊరుకోదు, అప్పుడొకటి ఇప్పుడొకటి నిప్పురవ్వలు వదులుతూనే ఉంటుంది. నాడి వెంట కిందికి దిగి చర్మం దగ్గర తలెత్తుతుంది. పాత పుండు మానిన చోట, చర్మం పొరల సందున, ఈ వైరస్‌ను ఎరిగిన టి-కణాలనే రోగనిరోధక కణాలు నెలల తరబడి కాపలా ఉంటాయని కూడా సియాటిల్ బృందమే చూపింది. అవి దగ్గర్లో ఉంటే వైరస్ గంటల్లో అణగిపోతుంది, మనిషికి ఏమీ తెలియదు. అవి పల్చబడిన చోట లేస్తే పెరిగి పొక్కవుతుంది. అంటే పొక్కు రావడం అన్నది ఆ పోరులో మనవైపు ఆలస్యమైన సందర్భం. పొక్కు లేకపోవడం వైరస్ లేదనడానికి గుర్తు కాదు, తొందరగా గెలిచామనడానికి గుర్తు. గెలిచేలోపు ఆ కొన్ని గంటల్లో కలయిక జరిగితే అవతలివారికి అంటవచ్చు.

అంటవచ్చు అన్నాను గానీ అంటి తీరుతుందని కాదు. వైరస్ దొరికిన ప్రతిసారీ సోకేటట్టయితే పెళ్లయిన ఏడాదిలో ప్రతి జంటకీ సోకిపోవాలి, అలా జరగడం లేదు. ఏళ్ల తరబడి కలిసి ఉన్నా ఒకరి నుంచి ఒకరికి రాని జంటలు ఎంతోమంది ఉన్నారు. వైరస్ మోతాదు ఒక స్థాయి దాటితేనే, అంటే స్వాబ్‌లో వైరస్ డీఎన్ఏ ప్రతులు పదివేలకు పైబడితేనే, సోకే అవకాశం చెప్పుకోదగ్గదిగా ఉంటుందని పరిశోధకుడు జోషువా షిఫర్ గణిత నమూనాలు చెబుతున్నాయి. ఏ రోజున ఆ స్థాయి దాటుతుందో చెప్పగలిగే సాధనం మాత్రం లేదు.

లక్షణాలు లేవు అనే మాటనే మరోసారి పరీక్షించాలి. 1989లో ఆండ్రియా లాంగెన్‌బర్గ్ తదితరులు, రక్తపరీక్షలో హెచ్‌ఎస్‌వి-2 ఉండి, తమకెప్పుడూ ఏమీ రాలేదన్న 62 మంది స్త్రీలకు హెర్పీస్ పుండు ఎలా ఉంటుందో బొమ్మలు చూపించి నేర్పారు. ఆ తర్వాత వారిలో దాదాపు సగం మంది తమకు వచ్చినదాన్ని గుర్తుపట్టారు. అంతకుముందూ వస్తూనే ఉండి ఉంటుంది, దానికి పెట్టుకున్న పేరు వేరు. మన దగ్గరైతే ఎండాకాలం తొడలు ఒరుసుకుపోయాయి అంటారు, షేవింగ్ చేసుకుంటే కోసుకుందంటారు, మూలశంక అంటారు, తెల్లబట్ట వల్ల దురద అంటారు, చీమ కుట్టిందంటారు. పిరుదు మీద, తొడ వెనక, నడుము కింద చిన్న ఎర్రటి మచ్చలా వచ్చి నాలుగు రోజుల్లో పోతుంది. మెడికల్ షాపులో అడిగితే ఏదో దురద ట్యూబు ఇస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. పుండు దానంతటది మానుతుంది, మానింది ట్యూబు వల్లేననుకుంటారు. పుస్తకాల్లో రాసినట్టు జ్వరం, ఒళ్లునొప్పులు, గజ్జల్లో బిళ్లలు, గుత్తులుగా పొక్కులు అన్నీ కలిసొచ్చే తొలి దాడి అందరికీ రాదు. 1999లో ప్రచురించిన మరో అధ్యయనంలో కొత్తగా హెచ్‌ఎస్‌వి-2 సోకిన 155 మందిని గమనిస్తే, లక్షణాలు కనబడింది 57 మందికే. మిగతా 98 మందికి అది సోకిన సంగతే తెలియలేదు.

అందుకే పదేళ్ల కాపురం తర్వాత హఠాత్తుగా కనబడిన పొక్కు పదేళ్ల కిందటిది కావచ్చు, పెళ్లికి ముందుది కావచ్చు, మొన్నటిది కావచ్చు. రక్తంలో ప్రతిరక్షకాలు ఇప్పటికే ఉండి పొక్కు మొదటిసారి రావడం అన్నది వైద్యంలో పేరున్న విడి దశే. గర్భం, జ్వరం, ఆపరేషన్, మరో జబ్బుకు వాడే స్టెరాయిడ్ మాత్రలు, ఏదైనా దాన్ని పైకి తేవచ్చు. తొలిసారి పొక్కులొచ్చిన రోజునే రక్తం తీసి, పొక్కులో ఉన్న రకానికి చెందిన ప్రతిరక్షకాలు ఉన్నాయని తేలితే పాతదని చెప్పగలం. లేవని తేలి కొన్ని వారాలకు తలెత్తితే కొత్తదని చెప్పగలం. కాలం గురించి సాక్ష్యమంటూ ఏదైనా ఉంటే ఇదొక్కటే. ఇది కూడా ఎప్పుడన్నది చెబుతుంది గానీ ఎవరి నుంచి అన్నది చెప్పదు. ఆ అవకాశం చేజారిపోయాక ఎవరి నిజాయితీని ఎవరూ ఒక పొక్కును బట్టి కొలవలేరు.

మొదటి రకం వైరస్ ఈ చిక్కును ఇంకాస్త పెంచింది. మనలో చాలామందికి అది చిన్నతనంలోనే పెద్దవాళ్ల ముద్దుల వల్ల సోకిపోతుంది. నోటిలోనూ అది పొక్కు లేకుండానే లాలాజలంలో వస్తూ పోతుంటుంది. అలాంటివారితో ముఖ మైథునం జరిగితే, చిన్నప్పుడు ఆ వైరస్ సోకనివారికి జననాంగం దగ్గర సోకవచ్చు. అక్కడ వచ్చిన హెచ్‌ఎస్‌వి-1 రెండో రకంలా పదే పదే వేధించదు. క్రిస్టీన్ జాన్‌స్టన్ బృందం 2022లో చెప్పిన లెక్క ప్రకారం, తొలి దాడి తర్వాత రెండు నెలలకు 12 శాతం రోజుల్లో వైరస్ దొరికితే, పదకొండు నెలలకు అది 7 శాతానికి పడిపోయింది. జీవితంలో ఒక్కరితోనే సంబంధమున్న ఇద్దరు మనుషుల మధ్య, ఎవరి తప్పూ లేకుండా, జననాంగ హెర్పీస్ ఇలా పుట్టుకురాగలదు. పొక్కు నుంచి తీసిన స్వాబ్ మీద ఏ రకమో చూడమని పీసీఆర్ అడగడం అందుకే అవసరం. పుండు అడుగు గీకి, గాజుపలక మీద పూసి, రంగువేసి చూసే జాంక్ పరీక్ష మన ఆసుపత్రుల్లో చవకగా అయిపోతుంది. అందులో అనేక కేంద్రకాలున్న పెద్దకణాలు కనబడితే హెర్పీస్ కుటుంబమని తెలుస్తుంది. కానీ మొదటి రకమా, రెండో రకమా, అసలు అక్కి వైరసా అన్నది అది చెప్పలేదు.

పరీక్షల విషయంలో మన దగ్గర జరుగుతున్న హాని గురించి గట్టిగానే చెప్పాలి. గర్భిణులకు, గర్భస్రావం అయినవారికి టార్చ్ అనే పరీక్షల మూటను రాయడం మామూలైంది. అందులో హెర్పీస్ ఐజీఎం (ఒక రకం ప్రతిరక్షకం) అని ఒక గడి ఉంటుంది. అది పాజిటివ్ వస్తే కొత్తగా సోకిందని, అంటే ఎవరో తప్పు చేశారని ఇంట్లో అర్థం తీస్తారు. నిజానికి హెర్పీస్‌లో ఐజీఎం ఏ పనికీ రాదు. పాత వైరస్ మళ్లీ లేచినా వస్తుంది, వేరే వైరస్‌ల వల్లా వస్తుంది, రకాన్ని చెప్పదు. కొన్ని ల్యాబులు రెండు రకాలనూ కలిపి ఒకే అంకె ఇస్తాయి. చిన్నప్పుడు మూతి పేలిన ప్రతివారికీ అది పాజిటివే. వైరస్ రకాలను విడిగా చూపే ఐజీజీ (మరో రకం ప్రతిరక్షకం) పరీక్ష కొంత మేలు, అయితే అందులోనూ అంకె గీతకు కాస్త పైన ఉంటే, అంటే 1.1 నుంచి 3 మధ్య ఉంటే, తప్పుడు పాజిటివ్‌లు చాలా ఎక్కువ. మరో పద్ధతిలో ఖాయం చేసుకోకుండా ఆ కాగితాన్ని నమ్మకూడదు. సోకిన తొలి వారాల్లో అసలు ఏమీ చూపదు. ఈ కారణాలవల్లే లక్షణాలు లేని మామూలు జనానికి హెర్పీస్ రక్తపరీక్ష చేయవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2016లో చెప్పింది, 2023లో మళ్లీ అదే చెప్పింది. నా అభిప్రాయమూ అదే, ఒక్క మినహాయింపుతో: భాగస్వామికి హెర్పీస్ ఉన్నట్టు ఖాయంగా తెలిసినవారు, ముఖ్యంగా గర్భం దాల్చాలనుకునేవారు, రకాలను విడదీసే పరీక్ష చేయించుకుంటే దాని మీద ఒక నిర్ణయం తీసుకోవచ్చు.

మన ప్రాంతపు లెక్క అంటూ ఒకటుంది. 2004-05లో గుంటూరు జిల్లాలో పల్లెల్లో, పట్టణాల్లో 12 వేలమందికి పైగా పెద్దల రక్తం పరీక్షించిన అధ్యయనంలో హెచ్‌ఎస్‌వి-2 నూటికి సుమారు అయిదుగురిలో కనబడింది. అమెరికా కంటే తక్కువే. అయినా ఉమ్మడి జిల్లా జనాభాకు లెక్కగడితే లక్ష దాటుతుంది. ఆ లక్షమందిలో ఎక్కువమంది ఏ ఆసుపత్రి గడపా తొక్కి ఉండరు, ఎందుకంటే తొక్కాల్సిన అవసరమే వారికి కనబడి ఉండదు.

సోకకుండా చూసుకునే మార్గాల్లో ఏదీ సంపూర్ణం కాదు, కానీ కలిపితే ప్రమాదం చాలా తగ్గుతుంది. కండోమ్ మగవారి నుంచి ఆడవారికి సోకడాన్ని బాగా ఆపుతుంది. కలయిక కలయికకూ లెక్కగట్టిన 2016 నాటి విశ్లేషణలో ఆ వైపు 96 శాతం, ఆడవారి నుంచి మగవారికి 65 శాతం తగ్గుదల కనబడింది. ఈ రెండో అంకె ఎందుకు తక్కువంటే, వైరస్ ఒకే బిందువు దగ్గర లేవదు. యోని పెదాలు, గుదం చుట్టుపక్కల, తొడల మొదళ్లు, ఎక్కడైనా లేవవచ్చు. కండోమ్ కప్పని చర్మం చాలా ఉంటుంది. రెండోది మందు. 2004లో కోరీ బృందం 1,484 జంటలతో చేసిన ప్రయోగంలో, హెర్పీస్ ఉన్నవారు రోజూ 500 మిల్లీగ్రాముల వాలసైక్లోవిర్ వేసుకుంటే ఎనిమిది నెలల్లో అవతలివారికి సోకడం 3.6 శాతం నుంచి 1.9 శాతానికి తగ్గింది. సగానికి సగం. పూర్తిగా ఎందుకు ఆగలేదన్నదానికి జవాబు ఆ ఆరు గంటల స్వాబ్‌లలోనే ఉంది: కొన్ని గంటల పాటు లేచి పడిపోయే ఆ చిన్న చిన్న విజృంభణలను మోతాదు పెంచినా ఈ మందులు ఆపలేవని 2012లో తేలింది. ఇక వ్యాక్సిన్ లేదు. ఎనిమిది వేలమందికి పైగా స్త్రీల మీద జరిపిన పెద్ద ప్రయోగం 2012లో హెచ్‌ఎస్‌వి-2 విషయంలో విఫలమైంది, ఆ తర్వాత వచ్చిన ప్రయత్నాలూ ఇంకా గట్టెక్కలేదు.

గర్భిణుల విషయంలో భయం ఎక్కడ ఉండాలో అక్కడ ఉండటం లేదు. ఎప్పటినుంచో హెర్పీస్ ఉన్న తల్లి నుంచి ప్రసవంలో బిడ్డకు సోకే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ, ఎందుకంటే తల్లి ప్రతిరక్షకాలు బిడ్డకు ముందే అందుతాయి. ప్రమాదమంతా చివరి మూడు నెలల్లో కొత్తగా సోకితేనే. అప్పుడు బిడ్డకు సోకే అవకాశం 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది, బిడ్డ ప్రాణానికీ మెదడుకీ ముప్పు. కాబట్టి భర్తకు హెర్పీస్ ఉండి భార్యకు లేకపోతే, ఆఖరి మూడు నెలలు కలయికకు, ముఖ మైథునంతో సహా, దూరంగా ఉండమని చెప్పడం ప్రసూతి వైద్యుల పని. ఈ ఒక్క మాట సరైన సమయంలో చెప్పడం, టార్చ్ పరీక్ష కంటే ఎన్నో రెట్లు మేలు చేస్తుంది.

చట్టం ఈ విషయంలో ఇంకా పాతకాలపు చూపుతోనే ఉంది. 1955 హిందూ వివాహ చట్టం పదమూడో సెక్షన్‌లో, అంటుకునే దశలో ఉన్న సుఖవ్యాధి విడాకులకు ఒక కారణంగా ఇప్పటికీ ఉంది. అదే సెక్షన్‌లో ఉన్న కుష్ఠును 2019లో తీసేశారు. హెర్పీస్‌లో అంటుకునే దశ అంటూ విడిగా లేనప్పుడు, ఆ మాటను కోర్టులో ఎలా నిరూపిస్తారు, ఎలా కాదంటారు? పొక్కు ఫొటో, ల్యాబు కాగితం పట్టుకుని అక్రమ సంబంధాన్ని రుజువు చేయబోవడం వైద్యపరంగా నిలబడదని న్యాయవాదులూ తెలుసుకోవాలి.

అన్ని మార్గాల్లోనూ తక్కువగా చెప్పుకునేది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మరొకటుంది. 2006లో అన్నా వాల్డ్ బృందం, కొత్తగా హెర్పీస్ సోకిన 199 మందిని, అది సోకడానికి ముందు భాగస్వామి తనకు ఉందని చెప్పారా అని అడిగింది. చెప్పినవారి విషయంలో సంబంధం మొదలైనప్పటి నుంచి సోకడానికి పట్టిన కాలపు మధ్యగతం 270 రోజులు. చెప్పనివారి విషయంలో 60 రోజులు. ఇది మందు ప్రయోగంలాంటిది కాదు, చెప్పేవాళ్లు ఇతరత్రా కూడా జాగ్రత్తపరులై ఉండవచ్చు. అయినా తేడా అంత పెద్దది. చెప్పిన జంటలు పొక్కు మొదలయ్యే ముందు వచ్చే చిమచిమను, కాలి కిందికి జారే నొప్పిని గుర్తుపట్టి ఆగుతారు, కండోమ్ వాడతారు, మందు అడుగుతారు. చెప్పడానికి ముందు మాత్రం తనకు ఉందని తెలియాలి, తెలిసినా చెబితే కాపురం పోదన్న నమ్మకం ఉండాలి.

ఆ నమ్మకం కలిగించే చోటు మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద నడిచే సురక్ష క్లినిక్‌లలో హెర్పీస్ పుండుతో వెళ్లినవారికి ఎర్రరంగు కిట్ ఇస్తారు. అందులో ఏడు రోజులకు సరిపడా ఎసైక్లోవిర్ మాత్రలుంటాయి, రోజుకు మూడు. మందు ఉచితం, కౌన్సెలర్ ఉంటారు, 1097 నంబరుకు ఫోన్ చేసినా మాట్లాడతారు. ఆ కౌన్సెలర్లు పుండు మానేదాకా ఆగమని చెప్పి ఊరుకోకుండా, మానాక కూడా ఏం జరుగుతుందో, ఎవరి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఎందుకు ఉండదో ఆలుమగలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. ఎర్ర కిట్ చేతికిచ్చేటప్పుడు మరో పది నిమిషాలు పడుతుంది. మొదటి పొక్కుతో భయపడి వచ్చిన రోజునే ఆ మాట పడాలి. ఇంటికెళ్లి పోట్లాడుకున్నాక మళ్లీ ఇద్దరూ కలిసి వస్తారన్న హామీ లేదు.